సూచిన్ ఎడమ చెయ్యి

మా చాంగాన్ అచ్చుల వీధిలో వెంగ్ మూహేని మించిన కోతలరాయుడు లేడని అందరూ ఒప్పుకుంటారు, ఒక్క మూహే తప్ప. తాను నునుపు చేసిన ఉక్కు దిమ్మ మీద వాలిన ఈగ జారిపడి కాలు విరగ్గొట్టుకుందనీ, దానికి తనే తల వెంట్రుకతో కట్టుకట్టి పంపాడనీ, మర్నాడు ఆ ఈగ చుట్టాలందర్నీ వెంటబెట్టుకొచ్చిందనీ చెప్పేవాడు. విన్నవాళ్ళు నవ్వి, టీ తాగి పోయేవాళ్ళు. ఆయన చెప్పినవాటిలో ఒకటి మాత్రం నిజం. నమ్మడానికి అన్నిటికంటే కష్టమైనదీ అదే. అది ఆయన చెల్లెలు సూచిన్ ఎడమ చెయ్యి సంగతి.

మూహే ఫోను కవర్లకి అచ్చులు చేస్తాడు. లోకానికి కొత్త ఫోనంటే తెర, ఫొటోలు, వేగం. మూహేకి ఫోనంటే చిల్లులు. కెమెరా చిల్లు ఎక్కడ, మీటల చిల్లులు ఎక్కడ, చార్జింగు చిల్లు ఎక్కడ. మిగతా ఫోను ఏ గంగలో కలిసినా ఆయనకు చింత లేదు. చిక్కేమిటంటే, ఫోను అమ్మకానికి వచ్చిన రోజునే కవరు కూడా కొట్లో వేలాడాలి. వారం ఆలస్యమైతే దాని మొహం చూసేవాడుండడు. కంపెనీవాళ్ళేమో విడుదల రోజు దాకా ఫోను నీడ కూడా బయటపడనివ్వరు. అందుకని హ్వాచ్యాంగ్‌బెయ్ ఫోన్ల బజారులో, కొత్త ఫోను కొలతలు గీసిన దొంగ పటాలు అమ్ముతారు. ఒకే ఫోనుకి ఏడు పటాలు దొరుకుతాయి, ఏడూ అసలువే. ఏ పటాన్ని నమ్మి అచ్చుకి ఉక్కు కోశారో, ఆ ఏడాదికి వాళ్ళ తలరాత అదే.

మూహే పటాలు కొనడు. ఆ ఫోను తయారయ్యే ఫ్యాక్టరీలోనే సూచిన్ పని చేస్తుంది. ఫోన్లు బిగించే వరస చివర నిలబడి, పూర్తయిన ఫోను వీపు మీద పలచటి ప్లాస్టిక్ పొర అంటించడం ఆమె పని. లోపలికి కాగితం పోకూడదు, పెన్ను పోకూడదు. చొక్కా జేబులు కుట్టేసి ఉంటాయి. బయటికొచ్చేటప్పుడు ఒళ్ళంతా యంత్రంతో దువ్వి మరీ వదులుతారు. అయితే ఎవరి చెయ్యి వాళ్ళు ఇంటికి తీసుకుపోకుండా ఏ యంత్రమూ ఆపలేదు గదా! సూచిన్ ఫోనుని ఎడమ అరచేతిలో, అడుగు అంచు మణికట్టు గీతకి ఆనేలా పెట్టుకుంటుంది. కెమెరా అంచు ఏ వేలి గణుపు దాకా వచ్చిందో, మీట ఏ గీత పక్కన ఆగిందో, పొర అంటించే ఆ నాలుగు క్షణాల్లో చూసుకుంటుంది. రోజుకి వెయ్యిసార్లు చూశాక ఇక మరిచిపోవడమన్నది ఉండదు.

మొదటి ఏడే మూహే ఆ చేతికి ప్లాస్టరు అచ్చు తీసి, అందులో అల్యూమినియం పోసి, గీతగీతా చెక్కి తన బల్ల మీద బిగించుకున్నాడు. సెలవు దొరికిన ఆదివారం సూచిన్ వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుని చెబుతుంది. ఆమె చెబుతుంటే ఆయన తల వంచుకుని, అల్యూమినియం చేతి మీద వెర్నియర్ పెట్టి కొలుచుకుంటాడు. మూడేళ్ళలో మూడు ఫోన్లు. పావు మిల్లీమీటరు తేడా రాలేదు.

"ఈ ఒక్క ఫోనే, చెల్లీ. తరవాత మానేద్దువు గాని," అని మొదటి ఏడాది అన్నాడు. రెండో ఏడాదీ అదే మాట. మూడో ఏడాది ఆ మాట ఆమే ఆయన గొంతుతో అనుకరించి చూపించింది.

సూచిన్ గలగలా మాట్లాడే మనిషి. ఫ్యాక్టరీ వరసలో మాట్లాడకూడదు. పదకొండు గంటలు నోరు కుట్టుకుని నిలబడాలి. ఆమె కోరుకున్నది హ్వాచ్యాంగ్‌బెయ్‌లో ఒక మీటరు బల్ల. అక్కడ కొట్టంటే అంతే, మీటరు పొడవు గాజు బల్ల, వెనకాల ఒక స్టూలు. పొద్దస్తమానం వచ్చేపోయే వాళ్ళతో బేరాలాడుతూ, తిడుతూ, తిట్టించుకుంటూ బతకొచ్చు. మూహే కవర్లు అమ్మిపెట్టే చ్వాంగ్ అక్క పక్కనే ఒక బల్ల ఖాళీ అవుతోంది. నాలుగో ఫోను విడుదలయ్యేదాకా దాన్ని ఎవరికీ పోనివ్వనని అక్క మాటిచ్చింది. ఆ ఫోను కవర్లు అమ్ముడుపోతే ఆ డబ్బుతో సూచిన్ ఫ్యాక్టరీ నుంచి బయటపడుతుంది. ఈసారి మూహే ఒట్టు కూడా వేశాడు.

జూన్‌లో ఒక ఆదివారం ఆమె వచ్చింది.

"ఎలా ఉందే ఈసారిది?" అన్నాడు మూహే, ఆమె కూర్చోకముందే.

"ముందు టీ పొయ్యి. వారం నుంచి మాట్లాడక నాలుక తుప్పుపట్టింది." ఆమె చెప్పులు విడిచి స్టూలు మీద కూర్చుంది. "వీపు గాజు కాదన్నయ్యా. ముట్టుకుంటే ఎండిన చేప పొలుసులా గరగరలాడుతోంది. ఇక చేతిలోంచి జారదు. మూలలు గుండ్రం చేశారు. సన్నం ఎంతంటే, పట్టుకుంటే ఎక్కడ వంగిపోతుందో అని భయమేస్తుంది."

"అయితే నీలాంటిది కాదన్నమాట. ఒళ్ళు చేశావే! ఫ్యాక్టరీ తిండి బాగా వంటబట్టినట్టుంది."

"పెడుతున్నారు మరి, నీ బుగ్గల్లాంటి కొవ్వు ముక్కలు."

"సరే సరే, కెమెరా?"

"మూలలోంచి తీసేశారు. వీపుకి అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుకి, నడుముకి పటకా కట్టినట్టు ఒక పట్టీ. దాంట్లో మూడు కళ్ళు. కుడి పక్కన కింద కొత్త మీట ఉంది. నొక్కక్కర్లేదు, వేలితో రాస్తే చాలు, ఫొటో తీస్తుంది."

"రాస్తేనా? అయితే దాని మీద మూత పనికిరాదు, చిల్లే పెట్టాలి," అన్నాడు మూహే. ఫొటో ఎలా వస్తుందని ఆయన అడగలేదు. "పట్టీ కింది అంచు?"

సూచిన్ ఒక్క క్షణం తన చెయ్యి చూసుకుంది. పెదాలు కదిలాయి, ఏదో లెక్క చేసుకుంటున్నట్టు. "చూపుడు వేలు, రెండో గణుపు... బియ్యపు గింజ కిందికి," అంది.

ఆయన అల్యూమినియం వేలి మీద గీత పెట్టుకున్నాడు.

ఆ వారం చ్వాంగ్ అక్క ఫోను చేసింది. "మేస్త్రీ, బజారు పటాలన్నీ ఆ పట్టీని రెండు మిల్లీమీటర్లు పైకి చూపిస్తున్నాయి."

"పటాలు ఏనాడు నిజం చెప్పాయక్కా?"

"ఎప్పుడూ తలో మాట చెప్పేవి. ఈసారి ఏడూ ఒకే మాట చెబుతున్నాయయ్యా!"

"ఏడుగురు దొంగలు ఒకే మాట చెప్పారంటే, ఒకే బల్ల మీద కూర్చుని తాగారన్నమాట. నా చెల్లెలి చెయ్యి తాగదు," అని మూహే ఫోను పెట్టేసి, ఉక్కు కొయ్యడం మొదలుపెట్టాడు.

సెప్టెంబరులో ఫోను విడుదలైంది. సాయంత్రానికి చ్వాంగ్ అక్క స్వయంగా చాంగాన్ వచ్చింది. ఒక చేతిలో కొత్త ఫోను, ఇంకో చేతిలో మూహే కవరు. మాట్లాడకుండా తొడిగి బల్ల మీద పెట్టింది. కెమెరా పట్టీ ఎత్తుగా ఉబ్బి ఉంది గనక కవరు ఆ అంచు దగ్గర లేచి నిలబడింది. మూడు కళ్ళూ సగం మూతలు పడ్డాయి.

"నిద్రమత్తులో ఉన్నట్టు లేదూ?" అని నవ్వింది అక్క. కొనడానికి వచ్చినవాళ్ళ ముందు పొద్దుటి నుంచీ ఆ నవ్వే నవ్వుకుంటూ గడిపినట్టుంది, అందులో ప్రాణం లేదు. "డబ్బాలన్నీ వెనక్కి పంపిస్తున్నాను. తిట్టడానికి నోరు రావట్లేదు మేస్త్రీ. ఆ పక్క బల్ల మాత్రం ఇక ఆపలేను. రేపు ఇంకెవరో వస్తారు."

మూహే అచ్చు కొలిచాడు. అల్యూమినియం చెయ్యి కొలిచాడు. రెండూ ఒకటే చెప్పాయి. తన పనిలో తప్పు లేదు. మరి మిగిలింది ఒక్కటే.

ఆదివారం సూచిన్ వచ్చింది. టీ పొయ్యమనలేదు. ఆయనే అడిగాడు, తల ఎత్తకుండా:

"అసలు కొలత ఎవరికి అమ్మావు?"

"ఏమిటీ?"

"ఏడు పటాల్లోనూ సరైన కొలత ఉంది. నా ఒక్కడి దగ్గరే తప్పుది. ఎవడో నాకంటే మంచి బల్ల చూపించి ఉంటాడు."

పదకొండు గంటలు మాట్లాడకుండా ఉండడం అలవాటైన మనిషి మౌనం ఎలా ఉంటుందో మూహే అప్పటిదాకా చూడలేదు. తరవాత ఆమె లేచి, అరలోంచి పాత ప్లాస్టరు అచ్చు దించింది. మూడేళ్ళ క్రితం ఆయనే తీసినది. బల్ల మీద పెట్టి, తన ఎడమ చెయ్యి అందులో పెట్టింది.

చెయ్యి దిగలేదు. వేళ్ళు గాడుల అంచుల మీదే ఆగిపోయాయి. అరచెయ్యి పిండిముద్దలా పైకి పొంగి ఉంది. మణికట్టు దగ్గర గీత ఉండాల్సిన చోటు వాపుతో పూడుకుపోయింది. ఫోను అడుగు ఆనించాల్సింది ఆ గీతకే. మూహే ఆ చెయ్యి పట్టుకుని బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది. ఆయన వేలు తీశాక కూడా ఆ గుంట అలాగే ఉంది.

అప్పుడు తల ఎత్తి చూశాడు. కళ్ళ కింద కూడా అదే వాపు. పాదాలు చెప్పుల పట్టీల మీదికి పొంగి ఉన్నాయి.

"ఎప్పట్నించీ?"

"ఏప్రిల్‌లో పెద్ద సైజు చేతి తొడుగులు అడిగాను. మేలో ఇంకా పెద్దవి." ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాకు తెలుసన్నయ్యా. ఊరికే ఉండలేదు. వాపు ఎంతుందో చూసుకుని, అంత తీసేసి నీకు చెప్పాను. నేను తీసేసింది చాలలేదు."

"డాక్టరు దగ్గరికి పోవాలని తెలీదా? నాకు చెప్పాలని తెలీదా?"

"చెబితే? సెలవు పెట్టమంటారు. సెలవు పెడితే వరసలోంచి తీసేస్తారు. ఫోను మా వరసకి వచ్చిందే జూన్‌లో." ఆమె కాస్త నవ్వబోయింది. "ఈ ఒక్క ఫోనే గదా అనుకున్నాను."

ఒళ్ళు చేశావే అన్నది తనే. ఆ మాట మూహేకి అక్కడే గుర్తొచ్చింది.

ఆస్పత్రిలో డాక్టరు రెండు మూత్రపిండాలూ దాదాపు పోయాయన్నాడు. బాత్రూముకని వరసలోంచి కదలాలంటే అనుమతి అడగాలి గనక నీళ్ళు తక్కువ తాగేదాన్నని సూచిన్ చెప్పింది. అదే కారణమని తేల్చి చెప్పలేననీ, చాలా ఏళ్ళుగా లోలోపల జరుగుతూ వచ్చినట్టుందనీ ఆయన అన్నాడు.

"వసంతకాలంలో తీసుకొచ్చి ఉంటే?" అని అడిగాడు మూహే.

డాక్టరు కాగితాలు సర్దుకున్నాడు. "కొంత నిలబెట్టగలిగేవాళ్ళం," అన్నాడు.

వారానికి మూడుసార్లు డయాలసిస్. సొంత ఊళ్ళో అయితేనే బీమా ఎక్కువ భాగం ఇస్తుంది గనక సూచిన్ పూనింగ్ వెళ్ళిపోయింది. ఫ్యాక్టరీ నుంచి ఆమె బయటపడింది. మూహే ఒట్టు ఆ విధంగా తీరింది. అల్యూమినియం చేతిని ఆయన బల్ల మీంచి విప్పి కొలిమిలో వేశాడు. కరిగేదాకా అక్కడే నిలబడి చూశాడు. ఆ తరవాత ఆయన కూడా అందరిలాగే దొంగ పటాలు కొని ఉక్కు కోస్తున్నాడు. మా వీధిలో కోతలు తగ్గాయి.

ఆదివారాలు మాత్రం ఆయన బస్సెక్కి పూనింగ్ పోతాడు. నాలుగున్నర గంటల దారి. ఆదివారం ఆస్పత్రిలో రద్దీ తక్కువని సూచిన్‌కి మూడింట్లో ఒకటి ఆ రోజు ఇచ్చారు. యంత్రం పక్కన మంచం మీద పడుకుని ఆమె అడుగుతుంది, "వచ్చే ఫోను ఎలా ఉండబోతోంది?" అని. ఆయనకి తెలీదు. ఇదివరకు లోకమంతటి కంటే ముందు తెలిసేది ఆమెకే. అందుకని కల్పిస్తాడు.

"వాన రాబోయే ముందు దగ్గుతుందట."

"కోతలు!"

"నిజం. వీపు మీద కెమెరా పట్టీ తీసేసి, అక్కడ వేడినీళ్ళు పెట్టుకునే ఏర్పాటు చేశారు. టీ అందులోనే."

ఆమె నవ్వుతుంది, కానీ ఒళ్ళు కదలకుండా. టీ పేరెత్తినందుకు తరవాత ఆయన నాలుక కొరుక్కుంటాడు. రోజుకి ఆమెకి అన్నీ కలిపి రెండు గ్లాసుల నీళ్ళే.

మరుసటి సెప్టెంబరులో ఆ ఏటి ఫోను వచ్చింది. చ్వాంగ్ అక్క ఒకటి ఇచ్చింది, సోమవారం పొద్దున్నే తిరిగివ్వాలనే షరతు మీద. "నేనిచ్చానని చెప్పు. పక్క బల్లకి వచ్చినవాడికి మాట్లాడ్డం రాదు, నాకేమీ తోచట్లేదని కూడా చెప్పు," అంది.

మూహే దాన్ని రుమాలులో చుట్టి పట్టుకెళ్ళాడు. సూచిన్ చూసి కళ్ళు పెద్దవి చేసింది. లోపలి నీళ్ళన్నీ యంత్రం లాగేయడంతో మొహం మునుపటిలా చిన్నదైపోయింది. చెయ్యి కూడా. ఎడమ చెయ్యి దుప్పటి మీద వెల్లకిలా ఉంది, మణికట్టు గీత స్పష్టంగా కనిపిస్తోంది.

ఆయన ఫోను తీసి, అడుగు అంచు ఆ గీతకి ఆనేలా, ఆ చేతిలో పెట్టబోయాడు.

"ఏమండీ! ఏమండీ!" నర్సు రెండు మంచాల అవతల్నించి పరుగెత్తుకొచ్చింది. "సూదులున్న చెయ్యి కనబడట్లేదా? యంత్రం కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చెయ్యి అది, దాని మీద ఏమీ పెట్టకూడదు. ఇప్పుడనే కాదు, ఎప్పుడూ. సంచి తగిలించకూడదు, గడియారం పెట్టకూడదు, తల కింద పెట్టుకుని పడుకోకూడదు. చెప్పలేదా మీకు?"

"చెప్పారు," అంది సూచిన్. "మా అన్నయ్యకి చెప్పలేదు."

మోచేతి దగ్గర రెండు గొట్టాల్లో రక్తం ఎర్రగా కదులుతోంది. మూహే చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

సూచిన్ కుడిచెయ్యి చాపి ఫోను తీసుకుంది. అరచేతిలో పెట్టుకుంది. తిప్పింది. మళ్ళీ పెట్టుకుని, వేళ్ళు ముడిచి, విప్పి, కళ్ళు మూసుకుని కాసేపు ఉంది.

"ఏం?" అన్నాడాయన.

"ఈ చేతికి ఏమీ తెలీదన్నయ్యా," అని తిరిగి ఇచ్చేసింది.

ఆయన దాన్ని రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. యంత్రం ఇంకా రెండు గంటలు తిరగాలి. చాంగాన్‌కి నాలుగింటి ఆఖరి బస్సు వెళ్ళిపోతుందని తెలిసి కూడా లేవలేదు.