పెద్దలను గెలిపించే పద్ధతి

మా వీధి చివరి హాల్లో ప్రతి శనివారం తరాల మధ్య ప్రేమ పుట్టించే కార్యక్రమం జరుగుతుంది. నాలుగు నుంచి ఆరు దాకా పుడుతుంది. ఆరు దాటితే వాచ్‌మన్ లైట్లు ఆర్పేస్తాడు.

నడిపేది ఒక మేడమ్. పిల్లలకు ముందే తరగతి పెట్టి చెప్పారు: "పెద్దవాళ్ళు ఏం చెప్పినా తలూపండి. ఆటల్లో వాళ్ళనే గెలిపించండి. గెలిస్తే వాళ్ళకు ఆయుష్షు."

ఆ లెక్కన రిటైరైన బస్సు డ్రైవరు తాతకి నూరేళ్ళు ఖాయం. నర్సింగ్ చదివే అమ్మాయి ఆయనతో క్యారమ్స్ ఆడి వరసగా ఓడిపోతోంది. ఆ ఊపులో తాత మీసం దువ్వుకుని పక్క కాలనీ క్యారమ్స్ పోటీకి పేరిచ్చేశాడు. అక్కడ ఎదురయ్యేది ఒకప్పటి డిపో మేనేజరు. ఉద్యోగమంతా ఆయన చేత చీవాట్లు తిన్నది చాలక, ఇప్పుడు నలుగురిలో ఓడితే తలెత్తుకోలేనని తాత బెంగ.

ఈ శనివారం అమ్మాయికి ఎదురుగా ఉన్న జేబు అంచున ఎర్రకాయ నిలబడింది. ఊదితే పడుతుంది. అమ్మాయి స్ట్రైకర్‌ని ఇంకో మూలకి కొట్టి, "అయ్యో తాతగారూ, తప్పిపోయింది!" అంది.

తాత చెయ్యి ఆగిపోయింది. "నిజం చెప్పు. ఇన్నాళ్ళూ ఇలాగేనా?"

అమ్మాయి తలూపింది. ఈ ఊపడం తరగతిలో నేర్పింది కాదు.

"వచ్చే వారం పోటీ పెట్టుకుని నన్ను ఊయల్లో పిల్లాడిలా ఆడించావా? పేర్చు కాయలు. ఈసారి వదిలావో, చూడు!"

ఆమె వదల్లేదు. తాత కాయలు సగం బోర్డు మీదే ఉండగా ఆట ముగించేసింది.

"ఫౌలు!"

"ఎక్కడ ఫౌలు? ఓడిపోతే అరవడమేనా?"

హాలంతా తిరిగి చూసింది. మేడమ్ పరుగున వచ్చి, అమ్మాయిని తీసుకెళ్ళి ఒక బామ్మగారి మోకాళ్ళ నొప్పుల ముందు కూర్చోబెట్టారు. తాత ముందుకు చిరునవ్వు చెదరని కుర్రాణ్ణి తెచ్చారు. తాత స్ట్రైకర్ ముట్టుకోకముందే అతను "అద్భుతం తాతగారూ!" అన్నాడు.

తాత లేచాడు. "మేడమ్, ఆ పిల్లనే పంపండి."

"తను మీకు మర్యాద ఇవ్వలేదు కదండీ?"

"ఇతను ఇస్తున్నాడు. ఇదే మర్యాదతో వెళ్తే మేనేజరు నన్ను ఉతికి ఆరేస్తాడు."

"మన కార్యక్రమంలో పోట్లాటలకి చోటు లేదండీ."

"వరండాలో ఉంది" అని తాత బోర్డు ఒక వైపు ఎత్తాడు. అమ్మాయి గబగబా వచ్చి రెండో వైపు పట్టుకుంది. మోకాళ్ళు మరిచిపోయి బామ్మగారూ వెనకే నడిచారు.

వరండాలో తాత మళ్ళీ ఓడాడు. మళ్ళీ అరిచాడు. చివరికి అన్నాడు, "రేపు పొద్దున మా ఇంటికి రా."

"రేపు కార్యక్రమం లేదుగా తాతా?"

"దాంతో మనకేం పని? టిఫిన్ తినేసి రా. ఓడాక, నీరసమని సాకులు చెబితే ఊరుకోను."