భీమన్న పాతర

బతికినన్నాళ్లూ భీమన్నను ఆర్మూర్‌లో అందరూ బద్ధకస్తుడనే అన్నారు. కారణం పసుపే. ఊరంతా పసుపు ఉడికించి, ఎండబెట్టి, కొమ్ములను రుద్ది నిగనిగలాడించి మార్కెట్‌కు తోలితే, ఇతను మాత్రం ఉడికించి ఎండబెట్టాక పైపొట్టు కూడా రాల్చకుండా గుట్ట కింది మొరం నేలలో పాతర తవ్వి పోసేవాడు. పొట్టుతో ఉంటేనే నిలవుంటుందనీ, అమ్మే ముందు రుద్దుకోవచ్చనీ అనేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, అతని విషయంలో చెప్పేవాడే లోకువ.

ఎనభై మూడులో అలాగే పాతర సగం నింపి, మూత మీద మట్టి మెత్తిన వారానికే అతను గుండె ఆగి పోయాడు. ఆ వానకాలం చెరువు తెగి పాతర మీద నీళ్లు నిలిచాయి. భార్య నీలవ్వ బీడీలు చుట్టి బతికింది తప్ప దాని జోలికి పోలేదు. మూసి ఉన్నంతకాలం మొగుడి ఆఖరి పంట బాగుందనే అనుకోవచ్చు. తెరిస్తే ఏం చూడాల్సి వస్తుందో అన్న భయమే ఆమెను మూడేళ్లు ఆపింది.

ఇప్పుడు మరిది లింగన్న ఆ జాగాలో మోటారు గది కడతానన్నాడు.

"అండ్ల ఏముంటది వదినె? మురిగి మన్నయి ఉంటది. పూడుస్త."

"పూడ్చు. మురిగితే మురిగిందని ముందుగాల నా కండ్లతోని సూస్త."

మూత తీయగానే లింగన్న దిగబోయాడు. తల్లి ముత్తవ్వ చేతికర్ర అడ్డం పెట్టింది.

"ఆగురా. కందిలి దించు. లోపటి గాలి పానం తీస్తది."

తాడు కట్టి దించిన కందిలి సగం దూరం పోకముందే ఆరిపోయింది. ఆ రోజంతా పాతర నోరు తెరిచి పెట్టి కూర్చోవాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున కందిలి అడుగుదాకా దిగి నిలకడగా వెలిగింది.

నీలవ్వ తానే దిగింది. పైన పరిచిన వరిగడ్డి నల్లగా, జిగటగా చేతికి అంటింది. దాని కింద వేపాకు కుళ్లిపోయింది. ఆ కింది కొమ్ములు పిడికిట్లో పిండయ్యాయి. ఆమెకు ఏడుపొచ్చింది.

"ఏమాయె వదినె?"

ఆమె మోచేతిదాకా చేయి దూర్చింది. లోపల పొడిగా, గరుగ్గా తగిలింది. ఒక కొమ్ము లాగి విరిస్తే టక్కుమంది. విరిగినచోట నిండు పసుపు, కందిలి వెలుగే చిన్నబోయేంత పసుపు. మరో దోసెడు తీసింది, ఇంకో దోసెడు తీసింది. అన్నీ అంతే. పంట ఉడికించిన నాటి వాసన గుప్పున లేచి పాతరంతా నిండింది. మనిషి పోయి మూడేళ్లు. ఆయన చేతి పని మాత్రం ఈ చీకట్లో, అంత నీటి కింద, ఒక్కటే కాపలా కాసింది.

"మంచిగున్నది," అని మాత్రం అనగలిగింది.

లింగన్న ఆమె అందించిన ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"అన్నను జూసి నేను గూడ నవ్విన," అన్నాడు మెల్లగా.

నీలవ్వ పైకొచ్చి వెలుగులో తనను చూసుకుని ఉలిక్కిపడింది. చేతులు, మెడ, చెంపలు అన్నీ పసుపే. భర్త పోయిననాడు నలుగురూ కలిసి కడిగించిన పసుపు. ఆ తర్వాత ఒంటికి తాకనివ్వలేదు. గబగబా నీళ్ల తొట్టి దగ్గరికి నడిచి చెంబు అందుకుంది.

ముత్తవ్వ వచ్చి ఆ చెంబు లాక్కుంది.

"కడుగకు బిడ్డా," అంది. "అది నా కొడుకు వెట్టిన పసుపు."