కిహోంగా వాగు నాచు

వేడినీటి చుక్క పడగానే నాచు విచ్చుకుంది. ఎండిన పొట్టులా ఉన్న చిటికెడు నలుసు సికుధాని కళ్ళముందే పచ్చబడి ఒళ్ళు విరుచుకుంది. పట్టకారుతో ఒక్క ఆకు ఊడదీసి, గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపు మీదికి వంగింది. ఆకు అంచున పళ్ళు జంటలు జంటలుగా ఉన్నాయి. ఈ కొండల్లో అడుగడుగునా దొరికే మామూలు నాచుకైతే ఒంటి పళ్ళే.

"బావకైనా ఇంత శ్రద్ధగా నీళ్ళు కాచి పోస్తావా అక్కా?" గుమ్మంలోంచి అంది ఉపెండో. పక్కగదిలో జన్యుపరీక్షలు చేసే పిల్ల.

"పోస్తే ఆయన మళ్ళీ పచ్చబడతాడంటే చెప్పు, రోజూ కాస్తా."

మొరొగొరో పట్నంలో ఎండుమొక్కలు దాచే ఈ గదికి సికుధాని మొదట నేల తుడవడానికి వచ్చింది. తర్వాత పొట్లాలు మడవమన్నారు, ఆ తర్వాత ఆకులు ఊడదీయమన్నారు. ఈలోగా మోకాళ్ళు అరిగాయి, కళ్ళద్దాలు మందమయ్యాయి, పిల్లలు ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. తన పేరు ఎక్కడా అచ్చవ్వాలని ఆమె కోరుకోలేదు. కోరుకున్నది ఒక్కటే. తల్లిని సమాధి చేయడానికి ఉలుగురు కొండమీది తన ఊరికి వెళ్ళినప్పుడు, కిహోంగా వాగు బండమీంచి గోరుతో గీరి తెచ్చింది ఈ నాచును. ఇది వేరే జాతి అని తేలితే వాగు పేరే పెడదామన్నారు ఇక్కడి పెద్దసారు. పోయిన వానల్లో చరియ విరిగిపడి వాగునూ బండనూ పూడ్చేసింది. ఇక ఆ పేరు నిలవడానికి మరో చోటు లేదు.

ఆకు అంచు ఒక్కటే సాక్ష్యానికి చాలదు, తడిని బట్టి పళ్ళు కూడా మారవచ్చు, జన్యువు చెప్పాలి. జన్యువు చెప్పాలంటే నాచును నూరాలి. ఇప్పటికి రెండుసార్లు నూరారు, ఏమీ తేలలేదు. మిగిలింది ఇదే.

"అంతా ఇచ్చెయ్యాలా?"

"సగం చాలదక్కా. దాచుకున్నా మామూలు నాచు పెట్టెలోకేగా పోయేది. ఆ పలకమీది ఆకు కూడా ఇచ్చెయ్."

సికుధాని ఆకును వేలికొనకు అంటించుకుని తీసి ఇచ్చింది.

మధ్యాహ్నం నూనెలో వేయించిన మందాజీ రొట్టె తుంచుకుని చాయ్‌లో ముంచింది గానీ నోట్లో పెట్టుకోలేకపోయింది. సాయంత్రానికి ఉపెండో వచ్చి బల్ల అంచున కూర్చుంది.

"పరీక్షలో గీత పడలేదక్కా. జన్యువు దొరకలేదు."

"ఎందుకని?"

"దాన్ని ఎన్నిసార్లు తడిపావు?"

"ఊరు గుర్తొచ్చినప్పుడల్లా."

"ప్రతిసారీ మరిగే నీళ్ళతోనేనా?"

"చన్నీళ్ళకి విచ్చుకోదు కదే."

ఉపెండో తల వంచుకుంది. ఆకు చూడటానికి ఒకటి రెండుసార్లు అందరూ తడుపుతారు. మరుగునీళ్ళు తగిలిన ప్రతిసారీ లోపలి జన్యువు పోగు కాస్త కాస్త తెగుతుందని ఈ గదిలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

"ముందే అడగాల్సింది, నాదే పొరపాటు."

"నువ్వేం చేస్తావే," అంది సికుధాని. పచ్చగా కనిపిస్తుంటే బతికినట్టే అనుకున్నాననబోయి, ఆగిపోయింది.

తేలకపోతే ఏం చేయాలో పెద్దసారు ముందే చెప్పినట్టు, ఖాళీ పొట్లం మీద మామూలు నాచు పేరు రాసి, వందల పొట్లాల మధ్య ఇరికించింది. అద్దాలు తుడుచుకుని, తల గుడ్డ సర్దుకుని బస్సుకు వెళ్ళిపోయింది.

పక్కగదిలో, రేపు కడగాల్సిన గిన్నెలో, నాచును నూరిన చిటికెనవేలి కొనంత గొట్టం అడుగున ఆకుపచ్చ మరక ఇంకా తడిగానే ఉంది.