ఎండకు వేసిన మంచం

బాలానగర్ ఫ్యాక్టరీలో మిషన్ కింద మూడు చేతివేళ్లు పోయినప్పటి నుంచి లింగమూర్తి సిగ్గుతో హఫీజ్‌పేటలోని ఇల్లు కదల్లేదు. ఏడాదికి పైగా చీకటి గది, పచ్చడి మెతుకులు. ఒకరోజు మంచం దిగబోయి కూలబడితే కాలి బొక్క విరిగింది. ఎండ తగలక, విటమిన్లు అందక ఎముకలు మెత్తబడ్డాయని దవాఖానలో డాక్టరు చెప్పాడు.

బయటికి రమ్మని రోజూ బతిమాలిన అక్క నీలమ్మకు ఒళ్లు మండిపోయింది. పిండికట్టుతో తెచ్చిన తమ్ముడికి వాకిట్లో పొద్దుటి ఎండలోనే మంచం వేయించింది. అతను మొహం మీద తువ్వాల కప్పుకుంటే గుంజి పారేసింది.

"వేళ్లు మిషన్ తిన్నది. బొక్కలు నువ్వే తింటున్నవు గదరా!"

"అందరు చూస్తున్నరక్కా, లోపలికి తీస్కపో!" అని అరిచాడు.

"చూడనీ! నాకేం సిగ్గులేదు."

నీలమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. పొద్దెక్కే దాకా అతను తిడుతూనే ఉన్నాడు. ఆమె లేవలేదు.