ముడుపు కట్టిన ఓటు

ఎండ ముదరకముందే అనుపమ తడిగుడ్డ పిండి బిడ్డ నొసటి మీద వేసింది. రెండేళ్ల పాండుకు నిన్నటి నుంచి ఒళ్లు కాలిపోతున్నది. తాగించిన నీళ్లు వెంటనే కక్కుతున్నాడు. ఇంటి మీదుగా విమానం పోతే రోజూ చెయ్యెత్తి చూపించే పిల్లవాడు ఆ పొద్దు కళ్లే తెరవలేదు.

"దవాఖానకు తీస్కపోదాం పా," అన్నది అత్త ఈరమ్మ. "నా కొడుకు దశరథం ఎయిర్‌పోర్టు నుంచి కారు తీస్కొని వచ్చేదాంక గిట్లనే కూసుంటమా?"

"జర ఆగు అత్తా. ముందుగాల మైసమ్మ కాడికి పోయి దండం పెట్టుకొనొస్త. తప్పు కాసుకొమ్మని చెప్పుకోవాలె. ఆ తర్వాతనే దవాఖాన."

"ఏం తప్పే?"

అనుపమ తడిగుడ్డ మళ్లీ ముంచి పిండింది.

ఆ తప్పు ఎలక్షన్లప్పటిది. శంషాబాద్ పక్కనున్న ఆ వాడకట్టులో, ఎండాకాలంలో వచ్చిన అసెంబ్లీ ఓట్లకు కొద్దిరోజుల ముందు, కులపెద్ద గోపయ్య అందరినీ మైసమ్మ గుడి ముందు కూర్చోబెట్టాడు. గుడికి ప్రహరీ కట్టిస్తానన్న అభ్యర్థికే అందరూ ఓటెయ్యాలన్నాడు. మాట తప్పబోమని ఇంటికో ముడుపు కట్టాలన్నాడు. ఆడవాళ్లు పసుపు గుడ్డల్లో కొబ్బరికాయలు మూటగట్టి, చెయ్యి ఆనించి, గుడి కమ్మీలకు వేలాడదీశారు. "మాట తప్పితే అమ్మనే చూసుకుంటది," అన్నాడు గోపయ్య. ఆయన ఎవరినీ గట్టిగా బెదిరించలేదు. ఆ ఒక్క మాటే చాలింది.

కాని ఓటు మిషన్ ముందు నిలబడినప్పుడు అనుపమకు ప్రహరీ యాదికి రాలేదు. అంగన్‌వాడీ ముందరి రోడ్డు యాదికొచ్చింది. ఎయిర్‌పోర్టుకు దౌడు తీసే క్యాబుల మధ్య బిడ్డను చంకనేసుకొని దాటే రోడ్డు అది. అక్కడ స్పీడు బ్రేకర్లు వేయించాలని ఆఫీసుల చుట్టూ తిరిగిన ఇంకో అభ్యర్థి ఉన్నాడు. ఆమె వేలు ఆ గుర్తు మీదికే పోయింది.

వారం దాటలేదు, బిడ్డ పడకేశాడు. చదివేవారికి ఇది వట్టి భయమనిపించవచ్చు. బిడ్డ ఒళ్లు కాలుతుంటే ఏ తల్లికైనా ముందు తన తప్పే కనబడుతుంది.

అప్పుడే వాకిట్లో ఒక పిల్ల వచ్చి నిలబడింది. భుజాన సంచి, చేతిలో అట్టడబ్బా.

"అనుపమగారు మీరేనా? నా పేరు శ్రీలత. సిటీలో చదువుకుంటున్నాను. ఓట్లు ఎలా వేశారో సర్వే చేస్తున్నాం. లిస్టులో మీ పేరు వచ్చింది."

అనుపమ ఆ అట్టడబ్బా వంక బెదురుగా చూసింది. లెక్కింపు కూడా కాకముందే తన ఓటు బయటపడిందనుకున్నది. "నా పేరెట్లొచ్చింది మేడం? నేనేం చెయ్యలే."

"అయ్యో, తప్పు చేశారని కాదు. చిట్టీలు తీసినట్టు కొన్ని పేర్లు తీశామంతే. ఎవరికి వేశారో నాకు కూడా చెప్పొద్దు. ఈ కాగితం మీద గుర్తు పెట్టి, మడిచి, మీరే డబ్బాలో వెయ్యండి. దాని మీద మీ పేరు ఉండదు."

కొత్త మనిషిని చూసి గోపయ్య తువ్వాల దులుపుకుంటూ వచ్చాడు. "ఏందమ్మా అడుగుతున్నవ్? నన్నడుగు. వాడకట్టంతదీ నేనే చెప్త, నీకు తిరిగే బాధ తప్పుతది."

"మీ పేరు రాలేదు పెద్దాయనా."

"నా పేరు రాకుండ గీ పిల్ల పేరొచ్చిందా? ఏం సర్వేనో ఏమో!"

"ఓటు దానికి గూడ ఉన్నది గద బావా," అన్నది ఈరమ్మ.

శ్రీలత నవ్వు ఆపుకొని అడిగింది. "ఎవరికి వెయ్యాలో మీరే అనుకున్నారా, వేరేవాళ్లు చెప్పారా?"

అనుపమ నోరు తెరవకముందే గోపయ్య అందుకున్నాడు. "అనుకునుడేంది? అమ్మ ముందల ముడుపు కట్టినం. మాట తప్పినోళ్ల ఇంట్ల ఏమైతదో అందరికీ ఎర్కనే."

అనుపమ బిడ్డను గుండెకు హత్తుకొని బోరుమన్నది. ఈరమ్మకు అప్పుడు అర్థమైంది.

"ఓసి పిచ్చిదానా, గిందుకా దవాఖానకు పోకుండ ఆపినవ్?" ఆమె గోపయ్య వైపు తిరిగింది. "బావా, ముడుపుకు నేను గూడ చెయ్యి ఆనిచ్చిన. మిషన్ కాడ నా బుద్ధికి తోచినోళ్లకే ఏసిన. కొట్టేదుంటే అమ్మ నన్ను కొడ్తది గని, పాలు తాగే పోరన్ని కొడ్తదా? మన మైసమ్మ గంత తెలివిలేని నాదాన్‌దా?"

గోపయ్య తువ్వాల ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. మెల్లగా, "పోరని ముచ్చట నేనన్ననా ఈరమ్మా?" అని, "నా ఆటో తెస్త. తయారుగుండున్రి," అన్నాడు.

ఆటో వచ్చింది. ఎక్కబోతూ అనుపమ ఆగింది. "మేడం, గా కాగితమియ్యి." గుర్తు పెట్టి, మడిచి, డబ్బాలో వేసింది. ఎవరూ చెప్పకుండానే గోపయ్య ముఖం అటు తిప్పుకున్నాడు.

దవాఖానలో డాక్టరమ్మ బిడ్డకు సెలైన్ పెట్టి కోప్పడ్డది. "ఎండ తగిలింది, ఒంట్లో నీళ్లన్నీ పోయినయ్. ఇంకింత ఆలస్యమైతే ఏం జేద్దురు?"

పొద్దుగూకేసరికి పాండు కళ్లు తెరిచి నీళ్లడిగాడు. బయట విమానం చప్పుడైతే చెయ్యి కొద్దిగా పైకి లేపాడు. అనుపమ కళ్లు తుడుచుకొని అత్త పక్కన చేరింది.

"అత్తా, నువ్వెవరికేసినవ్?"

"నీకెందుకు చెప్తనే?" అన్నది ఈరమ్మ. "నేను నిన్నడిగిన్నా?"

అనుపమ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

పాండును ఇంటికి తెచ్చుకున్న మరునాడు అత్తాకోడళ్లు గుడి కమ్మీకున్న పసుపు మూట విప్పి, కొబ్బరికాయ కొట్టి, ముక్కలు వాడకట్టంతా పంచారు. గోపయ్య కూడా చెయ్యి చాచి తీసుకున్నాడు. దేవతకు మొక్కవలసింది బిడ్డల క్షేమం కోసం. ఆ దేవతను ఓటుకు కాపలా పెట్టే హక్కు ఏ పెద్దమనిషికీ లేదు.