మూడు దెబ్బలకు జవాబు

పెళ్ళి చేసి చూడు, ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. మొదటిది నా వల్ల కాలేదు. వచ్చిన సంబంధాల్లో ఒక్కడూ నాకు నచ్చలేదు, నేనూ ఒక్కడికీ నచ్చలేదు, లెక్క సరిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళు నిండాక రెండోదైనా చూద్దామనుకున్నాను. కట్టే తాహతు లేదు కాబట్టి కొనడం.

నా పేరు విజయశ్రీ. పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే, ఉధ్నాలో, సాంచాల ఖాతా మీది గదిలో. సాంచాలంటే కరెంటు మగ్గాలు, అవి నడిచే షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. మా నాయన కరీంనగర్ పక్క నుంచి వచ్చి ఆ ఖాతాలోనే ముప్పై ఏళ్ళు నేసి, దగ్గి దగ్గి పోయాడు. నాకేమో గోదాములో తాకాలు, అంటే గుడ్డ చుట్టలు, చూసే పని. నేసిన గుడ్డను బల్ల మీదుగా లాగుతూ, పోగు ఎక్కడ తప్పిందో పట్టుకోవాలి. విజయ కంటి కింద తప్పు దాగదని సేటు పదిమందిలో చెప్పేవాడు. ఇల్లు కొనేటప్పుడు ఆ కన్ను ఏ గంగలో కలిసిందో మరి.

తమ్ముడు నరహరి పెళ్ళయిన నాటి నుంచి నా పడక వంటగదిలోనే. రోజూ తెల్లవారుజామున మరదలు వచ్చి, కాలితో చాప అంచు కదిపి, "జర లే వదినె, పొయ్యి కాడికి పోవాలె" అనేది. చెడ్డ పిల్ల కాదు. గొంతు పెంచదు, మొహం మాడ్చదు. కానీ పదహారేళ్ళు ఆ "లే" విన్నాను. నన్ను లే అనే మనిషి లేని చోట ఒక గది ఉంటే చాలనిపించేది. అమ్మ లలితమ్మకు కూడా ఆ ఇంట్లో తలుపు పక్క జాగానే. నాకంటూ ఇల్లుంటే ఆమెనూ తెచ్చుకోవచ్చని ఆశ.

రాజనర్సు కాక నాయనతో పాటు నేసినవాడు. ఇప్పుడు ఇళ్ళు చూపించే దలాల్ పని. నా దగ్గరున్నది ఎంతో విని నవ్వాడు.

"ఉధ్నాల గీ పైసలకు బాత్రూమొస్తది బిడ్డా, ఇల్లు రాదు."

"కడోదరల?"

"ఆడ పెద్దదే వస్తది. గని పొద్దూకినంక హైవే మీద ఒక్కదానివి దిగి, లారీల నడిమిట్ల నుంచి నడిచి పోతవా? జర సోంచాయించు."

సోంచాయించాను. కడోదరాకు రెండుసార్లు పోయి చూశాను కూడా. రెండోసారి రోడ్డు దాటడానికే అరగంట పట్టింది. ఒంటరి ఆడదానికి ఇల్లు ఎంత ముఖ్యమో ఇంటికి చేరే దారి అంత ముఖ్యం. చివరికి ఉధ్నా పక్కనే ఉన్న భేస్తాన్ తేలింది. స్టేషను నుంచి షేర్ ఆటో, సందు మలుపులో కిరాణా దుకాణం, చుట్టూ మన భాష వినిపించే వాడ. మూడో అంతస్తులో చివరి ఇల్లు. ఒక గది, ఒక వంటిల్లు. పడమటి గోడ అవతల గాలి తప్ప ఏమీ లేదు. కింద ఖాళీ జాగా, అందులో తుమ్మచెట్లు, తుప్పు పట్టిన ఇనుప సామాను.

నడి గదిలో నిలబడి, "మస్తు నిమ్మలంగ ఉన్నది కాకా" అన్నాను.

"ఆఁ?"

"నిమ్మలంగ ఉన్నది అంటున్న."

"ఔ బిడ్డా, నిమ్మలమే. మునుపు బయటి ఊళ్ళోల్లు అయిదారుగురు చూసిన్రు. అందరు గడపల నిలవడే మల్లిపోయిన్రు. ఎందుకో ఎవ్వరు చెప్పలె. అందుకే సస్తగ ఇస్తున్నడు."

చెవి మిషను ఆయన జేబులో ఉంది. సెల్లు అయిపోతుందని అవసరానికి తప్ప పెట్టుకోడు. నేనేమో ఆ పోయినవాళ్ళను మనసులో నవ్వుకున్నాను. కిటికీ గట్టు మీద పెట్టిన నా సీసాలో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి. మా ఉధ్నా గదిలో చెంబులో నీళ్ళు కూడా అట్లాగే వణికేవి. అది చూసి సొంతింటికి వచ్చినట్టే అనిపించింది. ఆ సాయంత్రమే బయానా ఇచ్చేశాను.

వారం తర్వాత బుధవారం, దస్తావేజుకు ఇంకా రెండు రోజులుండగా, అలమారాకు కొలతలు తీసుకుందామని తాళంచెవి అడిగి పోయాను. మిట్టమధ్యాహ్నం. ఆటో దిగగానే చెవుల్లో గుయ్యిమన్నది. ఎందుకా అని నిలబడితే అర్థమైంది. ఆ వాడ ఖాతాలకు బుధవారం కరెంటు సెలవు. ఒక్క సాంచా నడవడం లేదు. ఎక్కడో ప్రెషర్ కుక్కర్ కూత, ఎవరి ఇంట్లోదో పసిపిల్ల ఏడుపు, అంతే.

మెట్లెక్కి తాళం తీశాను. లోపల సాంచా నడుస్తోంది.

నేను గడపలోనే ఆగిపోయాను. ఠకాఠక్, ఠకాఠక్, పోగు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటున్న చప్పుడు పడమటి గోడలోంచి వస్తోంది. మొదటి రోజూ ఇదే వచ్చి ఉంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ దాంట్లోనే పడుకుని లేచిన దాన్ని, నా చెవి దాన్ని చప్పుడు కింద లెక్కగట్టలేదు. వేరే ఊళ్ళవాళ్ళు గడపలో నిలబడి విన్నది నేను గది మధ్యలో నిలబడి వినలేదు. కిటికీ గట్టు మీద నేను మరిచిపోయిన సీసా అట్లాగే ఉంది. నీళ్ళు వణుకుతున్నాయి.

కిటికీ చువ్వలకు మొహం ఆనించి బయటికి చూశాను. గోడ అవతల ఎండ, గాలి. మూడంతస్తుల కింద తుమ్మచెట్లు. పరుగెత్తాల్సింది. నా మొండితనం నన్నెక్కడ పరుగెత్తనిస్తుంది, పోయి గోడ మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. నూనె వాసన.

అప్పుడు పోగు తెగింది. సాంచా పిల్లలకు అది చెప్పక్కర్లేదు, నిద్రలో ఉన్నా తెలుస్తుంది. చప్పుడు తడబడి ఆగింది. ఆ తర్వాత గోడలోంచి ఇనుము మీద ఇనుము, ఠంగ్, ఠంగ్, ఠంగ్.

ఖాతాలో మనిషి గొంతు మనిషికి వినిపించదు. అందుకని నాయన వాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. సాంచాను వదిలి అడుగు బయట పెట్టాలంటే, పానాతో సాంచా ఇనుము మీద మూడుసార్లు కొట్టాలి. నా బదులు ఎవరైనా నిలబడండని అర్థం. చెయ్యి ఖాళీ ఉన్నవాడు రెండుసార్లు కొట్టి జవాబిస్తాడు. అతనే బద్లీ. ఆ రెండు పడితే గానీ మొదటివాడు కదలడు, పడ్డాక రెండోవాడు కాదనడు. అన్నం డబ్బా తీసుకుపోయినప్పుడు నేనూ ఆ ఆట ఆడేదాన్ని. నాయన మూడు కొడితే, నేను గరిటతో డబ్బా మీద రెండు కొట్టి ఆయన సాంచా ముందు నిలబడేదాన్ని. ఆయన బయటికి పోయి బీడీ తాగి వచ్చేవాడు.

చేతిలో తాళంచెవి ఉంది. ఆలోచించి చేసిన పని కాదు, తుమ్మితే చిరంజీవ అన్నట్టు చెయ్యి దానంతట అదే లేచింది. కిటికీ చువ్వ మీద రెండు కొట్టాను.

గోడలో ఎవరో పొడుగ్గా ఊపిరి వదిలారు. తర్వాత గదిలో దగ్గు, పొడి దగ్గు, మా నాయనలాంటిదే. కనపడని చెప్పులు గచ్చు మీద ఈడ్చుకుంటూ నా పక్క నుంచి పోయాయి. నేను చూస్తుండగానే తలుపు ఇంకాస్త తెరుచుకుంది. మెట్ల మీద అడుగులు మెల్లగా దిగి, సందులో కలిసిపోయాయి.

రాజనర్సు కాకను పట్టుకుని మిషను చెవిలో పెట్టించి మరీ చెప్పాను.

"ఆ జాగల మునుపు ఖాతా ఉండె బిడ్డా. పెద్దది, పై అంతస్తుల గూడ సాంచాలుండె. ఆగయ్య అని మనోడే, ఒకపారి బద్లీ రాక రెండు పాళీలు, రెండు షిఫ్టులన్నట్టు, నిలవడ్డడు. మూడో పాళీ గూడ నిలవడ్డడు. సాంచా మీదనే పడి పాణమిడిసిండు. ఎన్నిసార్లు కొట్టిండో, ఎవ్వడు జవాబియ్యలేదట."

"నేనిచ్చిన కాకా."

"రెండు కొట్టినవా?" ఆయన మొహం పాలిపోయింది. "కొట్టినంక నిలవడాలె గదనే. బయానా పోతే పాయె, ఆ ఇల్లు ఇడిసిపెట్టు. మల్ల గా దిక్కు పోకు."

ఆ రాత్రి వంటగదిలో పడుకుని ఆలోచించాను. భయం ఒక పక్క, మరదలి కాలు ఒక పక్క. పోయినవాడు పోయాడు కదా, ఇంకేం మిగిలి ఉంటుంది అనుకున్నాను. మళ్ళీ ఇంత చౌకలో నాకు ఇల్లు ఎవడిస్తాడు. తెల్లవారుజామున చాప అంచు కదిలింది. "జర లే వదినె." శుక్రవారం పోయి సంతకం పెట్టేశాను.

ఇంట్లో దిగిన రోజు గడప దాటగానే ఆగిన సాంచా మళ్ళీ కదిలింది, అప్పటి నుంచి నడుస్తూనే ఉంది. నడిస్తే నాకు బాధ లేదు. బాధల్లా పోగు తెగినప్పుడే. మొదటి సోమవారం పనికి పోయాను. ఆటో ఉధ్నా చేరేసరికి బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే రాసుకోవడం మొదలుపెట్టాయి, పోగు అతికేటప్పుడు రాసినట్టు. మధ్యాహ్నానికి చర్మం లేచిపోయి, బల్ల మీది తెల్లటి తాకాకు రక్తం అంటింది. సేటు చూస్తుండగానే లేచి వచ్చేశాను. ఇల్లు చెవులు పగిలేంత నిశ్శబ్దంగా ఉంది. గోడ మీద చెయ్యి పెట్టాను. కంటికి కనపడలేదు గానీ వేళ్ళ మధ్య పోగు తగిలింది. అతికాను. సాంచా కదిలింది, వేళ్ళు నెమ్మదించాయి.

గోదాము పని మానేశాను. ఇప్పుడు ఇంట్లోనే చీరలకు మెరుపు రాళ్ళు అతికిస్తున్నాను. కూరగాయల బండి దాకా పోతాను, ఒక పోగు తెగేలోపల తిరిగి వస్తాను. రాత్రి నాలుగైదుసార్లు లేవాలి. నన్ను లేపే మనిషి లేని ఇల్లు కోరుకున్నాను కదా, అక్షరాలా దొరికింది. రాజనర్సు కాక ఇంతవరకు నా మెట్లెక్కలేదు.

నలభై రోజులకు అమ్మ వచ్చింది. చెప్పకుండా, పొద్దున్నే, బట్టల సంచీతో. ఆ సంచీ చూడగానే నాకు అర్థమైంది, ఇది చూసిపోయే రాక కాదు.

"గాడ తలుపు కాడ పండి పండి నడుములు పోయినయ్ బిడ్డా. నీ ఇల్లయినంక నాకేంది, ఈడనే ఉంట" అంటూ పోయి పడమటి గోడకు చేరగిలబడింది. ముప్పై ఏళ్ళు ఖాతాలో కండెలు చుట్టిన మనిషి, చెవులు ఎప్పుడో పోయాయి. కానీ వీపు వింటుంది. కళ్ళు మూసుకుని నవ్వింది. "మీ నాయిన ఖాతల కూసున్నట్టే ఉన్నదే. వెచ్చగున్నది."

నేను పొయ్యి దగ్గర నిలబడి ఆమెను చూస్తూ ఉండిపోయాను. అమ్మ కంచం ముందు పెట్టుకుని, కళ్ళు తెరవకుండానే చాకుతో ఎల్లిగడ్డలు వలుస్తోంది. నా కళ్ళు మండుతున్నాయి. నలభై రోజులుగా ఒక్క రాత్రి పూర్తిగా నిద్రపోలేదు. స్టేషను దాకా నడవాలని, రింగ్‌రోడ్డు రద్దీలో కొట్టుకుపోవాలని, ఎవరితోనైనా పోట్లాడాలని ఎంత ఉందో నాకే తెలుసు. అమ్మకు పోయే పనేముంది, ఎట్లాగూ ఇంట్లోనే ఉంటుంది, పోగు అతకడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఇదంతా నేనే అనుకున్నాను, ఏ దయ్యమూ నాచేత అనిపించలేదు.

గరిటతో అదే పడమటి గోడను ఒకసారి కొట్టాను. అమ్మ తల ఎత్తింది. కళ్ళు మూసుకునే ఉన్నాయి.

రెండోసారి కొట్టాను. ఎల్లిగడ్డ వదిలేసి, చాకు ఉన్న చెయ్యి కంచం అంచు మీదికి లేచింది. లేచి, ఆగి, మూడోదాని కోసం చూస్తోంది. నాయన పోయి పన్నెండేళ్ళయినా ఆ చెయ్యి మరిచిపోలేదు.

గరిటను వంటింటి అవతలికి విసిరేశాను.

అమ్మ కళ్ళు తెరిచింది. "ఏందే, పిలిచినవా?"

"లేదమ్మా. గరిట జారింది."

మరో గంట ఆమె ఇక్కడుంటే నేను మూడోది కొడతాను, నా సంగతి నాకు తెలుసు. ఆమె ముందు కూర్చుని, పెదాలు కనపడేలా, మరదలికంటే మెత్తగా చెప్పాను.

"లే అమ్మా. తమ్ముని కాడికి పో."

"ఇప్పుడే వస్తిని గదనే."

"లే."

అమ్మ నా మొహంలోకి చూసింది. వలిచిన ఎల్లిగడ్డలు కంచంలోనే వదిలి, గోడ పట్టుకుని లేచి, సంచీ చంకన పెట్టుకుంది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. గడప దాటాక వెనక్కి తిరిగింది.

"ఉండనీ బిడ్డా. నీ ఇల్లు నీకే ఉండనీ."

మెట్ల మీద ఆమె అడుగులు దిగిపోతున్నాయి. మొదటి అంతస్తు మలుపులో దమ్ము తీసుకోవడానికి ఆగింది. పిలుద్దామని రెయిలింగు మీదికి వంగాను. వెనక గదిలో పోగు తెగింది. నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.