పిడికెడు జొన్నలు

మా ఇంట్లో దేవుడి కుండ నెల రోజులుగా ఖాళీ. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

వంటకు జొన్నలు తీసినప్పుడల్లా ఒక పిడికెడు ఆ కుండలో వెయ్యాలి. మా పల్లెలో క్రైస్తవుల ఇళ్లన్నింటా అదే పద్ధతి. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలమ్మ నెలకోసారి సంచీ పట్టుకుని వచ్చి, సంఘానికని ఆ గింజలు పోయించుకుని వెళుతుంది.

నాన్న యుద్ధానికి రోడ్లు వేసే కూలీల్లో చేరి అస్సాం వెళ్లాడు. ఏడు నెలలుగా ఉత్తరం లేదు. అమ్మకు చలిజ్వరం. దానికి వేసే క్వినైను గురజాలలో కూడా దొరకలేదు. కూలికి పోవడం, నీళ్లు మోయడం, విసరడం, వండడం అన్నీ నా నెత్తిన పడ్డాయి. పదిహేనేళ్లకే నడుము పట్టేసి, పొద్దున లేవాలంటే ఏడుపొచ్చేది. దేవుడి మీద కోపం లేదని చెబితే అబద్ధం. మాకే లేని గింజలు ఆయనకెందుకని ఒకరోజు ఆ పిడికెడు కూడా తిరగలిలో పోసేశాను. మర్నాడూ అంతే. ఆ తర్వాత అదే అలవాటైపోయింది.

తీశావా అని అమ్మ మంచంలోంచి రోజూ అడిగేది. తీశాననేదాన్ని. అక్కడితో ఆగినా బాగుండేది. అమ్మ వణుకుతూనే కళ్లు మూసుకుని, ఇంత కరువులోనూ తన బిడ్డ చేత పిడికెడు తీయిస్తున్నందుకు ప్రభువుకు స్తోత్రం చెప్పేది. అది వింటుంటే సంగటి ముద్ద పక్కన పెట్టేయాలనిపించేది. అయినా తినేదాన్ని.

శనివారం మధ్యాహ్నం బైబిలమ్మ రానే వచ్చింది. ఆమె పేరు బుల్లెమ్మ, మేము అత్తా అని పిలుస్తాం. కుండలో గింజలు ఎలుకలు తిన్నాయని చెబుదామా అనుకుంటున్నాను. ఆమె నిండు సంచీ దించి, ఈ నెల గింజలన్నీ జబ్బుపడ్డ మార్తమ్మ ఇంటికే ఇవ్వాలని సంఘపెద్దలు అనుకున్నారని చెప్పింది. మార్తమ్మంటే మా అమ్మే. సంచీలో తెల్లజొన్నలు, పచ్చజొన్నలు, కొర్రలు, కాసిన్ని మట్టిబెడ్డలు కలిసిపోయి ఉన్నాయి. అవి ఇచ్చిన ఇళ్లలో రెండు పూటలా పొయ్యి వెలిగేది ఎన్నింట్లోనో నాకు తెలుసు. ఒక్క ఇంట్లోనూ వెలగదు.

"మీ కుండలోయి కూడా తెచ్చి ఇందులో పొయ్యవే దయామణీ. స్తోత్రం చెప్పుకుందాం" అంది.

పారిపోవాలనిపించింది. దానికీ ఓపిక లేదు. అక్కడే చతికిలబడ్డాను.

"నెల నుంచి తియ్యలేదత్తా. అమ్మకు అబద్ధం చెప్పా."

అమ్మ గోడవైపు తిరిగింది. తిట్టినా బాగుండుననుకున్నాను.

"ప్రభువును అడిగి తింటే ఏమయ్యేదే?" అంది అమ్మ. "వద్దనేవోడు కాదు గదా."

నాన్న వెళ్లిననాడు కూడా రానంత ఏడుపొచ్చింది. బుల్లెమ్మత్త ప్రార్థన మొదలుపెట్టింది. పైట నోట్లో కుక్కుకుని విన్నాను. చివర ఆమేన్ మాత్రం అమ్మకు వినబడేట్టు అన్నాను.